‘వెరీ గుడ్’ అనే పుస్తకం

ఆ పుస్తకం ఇంట్లోకి వచ్చిన రోజే నాకు దాని వాసన పడలేదు. పైనున్న కవరు చించగానే చెప్పుల దుకాణంలో వచ్చే రబ్బరు వాసన గుప్పుమని కొట్టింది. మా పాప రెండో పుట్టినరోజుకు మా ఆడబిడ్డ తెచ్చిన కానుక అది. ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. జ్యోతినగర్‌లో ఉంటుంది, వాళ్లాయన కరెంటు ప్లాంటులో ఇంజినీరు. మేమేమో గోదావరిఖనిలో, ఓపెన్‌కాస్టు బొగ్గుగనికి దగ్గరగా, కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. మా ఆయన ఆ గనిలోనే బొగ్గు మోసే డంపర్ లారీ నడుపుతాడు. వదిన ఎప్పుడొచ్చినా గడప దగ్గర ఆగి, చెప్పులు విప్పేముందు నేలవంక ఒకసారి చూస్తుంది, బొగ్గుపొడి ఉందా అని. ఉంటుంది. పొద్దున, సాయంత్రం తడిబట్ట పెట్టినా ఉంటుంది.

“గిది మామూలు బుక్కు కాదే, మాట్లాడుతది. మా పోరనికి గిదే కొన్న. రెండేండ్లకే యానిమల్స్ పేర్లన్ని చెప్పిండు,” అంది వదిన.

నేను థ్యాంక్స్ చెప్పి టీ పెట్టడానికి లేచాను.

పేజీలు అట్టముక్కల్లా మందంగా ఉన్నాయి. కుడిపక్క పొడుగునా ప్లాస్టిక్ పట్టీ, దాని మీద గుండ్రటి బటన్లు, ఒక్కో బటన్ మీద ఒక్కో జంతువు బొమ్మ. బటన్ నొక్కితే పక్కన ఎర్రలైటు వెలుగుతుంది, ఆ జంతువు అరుస్తుంది, తర్వాత ఒక ఆడగొంతు దాని పేరు ఇంగ్లీషులో చెబుతుంది. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కంపరమే. ‘కౌ!’ అనడంలో మనిషికి అంత సంబరం ఏముంటుంది? చెప్పిన ప్రతిసారీ చివర ‘వెరీ గుడ్!’ అని తోక ఒకటి. పిల్ల నొక్కినా వెరీ గుడ్డే, పిల్లి తొక్కినా వెరీ గుడ్డే. ఒకరోజు మా అత్తమ్మ అంగడి నుంచి వచ్చి కూరగాయల సంచి దాని మీద పెడితే, సొరకాయను కూడా మెచ్చుకుంది.

ఇంకో పేజీలో గొర్రె బొమ్మకు నిజం ఉన్నిలాంటి ముక్క అతికించారు, పిల్లలు తాకి చూడటానికట. మా పాప తాకి చూడలేదు, నోట్లో పెట్టుకుని చీకింది. ఉమ్మికి బొగ్గుపొడి అంటుకుని, నాలుగు రోజులు తిరిగేసరికి ఆ గొర్రె లారీ అద్దం తుడిచే గుడ్డలా తయారైంది. మరో పేజీలో చిన్న చిన్న తలుపులు. తెరిస్తే లోపల కుక్కపిల్లో కోడిపిల్లో పళ్లికిలించి నవ్వుతుంటుంది. ఆ తలుపుల కింద పప్పన్నం మెతుకులు, నానిన బిస్కెట్ ముద్ద, వాటికోసం చీమలు. తుడవబోతే వేలికి జిగురుగా తగిలేది. అన్నం తినే ముందు ఆ పుస్తకం కనబడితే దాని మీద తువ్వాలు కప్పేదాన్ని. మా ఆయన నవ్వేవాడు.

“బుక్కు మీద గంత పగేందే నీకు? పిల్ల మంచిగ ఆడుకుంటున్నది గదా?” అనేవాడు.

ఆడుకునేది, నిజమే. పొద్దున లేచిన దగ్గర్నుంచి దాని ముందే. బటన్ నొక్కడం, లైటు వెలగగానే చప్పట్లు కొట్టి నవ్వడం, మళ్లీ నొక్కడం. అదే నాకు గుచ్చుకునేది. ఎందుకంటే రెండేళ్లు నిండినా మా పాప నోట ఒక్క మాట రాలేదు. ‘అమ్మ’ అనలేదు. ‘తాత’ అనలేదు. ‘ఆఁ’ ‘ఊఁ’ అని ఏవో చప్పుళ్లు తప్ప ఏమీ లేదు. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టుకుని, ‘అమ్మ అను తల్లీ, అమ్మ’ అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పేదాన్ని. నా పెదవులు చూసి తనూ పెదవులు కలిపేది, విప్పేది. చప్పుడు వచ్చేది కాదు. ఆ తర్వాత ఒళ్లోంచి జారి పుస్తకం దగ్గరికి పోయేది. వెనక నుంచి ఆ మహాతల్లి ‘వెరీ గుడ్!’ అనేది. ఎవరికి చెబుతోందో, ఏం బాగుందో.

“మాటలు లేటుగ వస్తయ్ బిడ్డా. నీ మొగుడు మూడేండ్లకు మాట్లాడిండు. ఇప్పుడు ఆపుమంటె ఆపుతున్నడా?” అని మా అత్తమ్మ కొట్టిపారేసేది.

నాకు ఒకసారి అనుమానం వచ్చింది, చెవులు చూపిద్దామా అని. నోరు విప్పానో లేదో, అత్తమ్మ గయ్యిమంది.

“చెవులకేమైంది? బ్లాస్టింగ్ కాంగనె ఉలిక్కిపడ్తది గదా! నేను రోజు చూస్తలేనా?”

ఆ మాటకు ఇక్కడ ఎవరి దగ్గరా తిరుగులేదు. గనిలో మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కాసేపటికి మందు పేలుస్తారు. దూరం నుంచి ధడేల్‌మని వినబడుతుంది, కిటికీలు గలగలమంటాయి, నేల అదురుతుంది. మా గని చుట్టుపక్కల పుట్టిన పిల్లలందరికీ మొదటి పరీక్ష అదే. ఉలిక్కిపడితే చెవులు బాగున్నట్టు. ఏడిస్తే, ‘ఏం లేదు బిడ్డా, బ్లాస్టింగే’ అని వీపు తడతాం. కొన్నాళ్లకు ఏడవడం మానేస్తారు. అప్పుడు, ‘ఇగ మన పోరి అయింది’ అని మురిసిపోతాం. మా పాప నేలమీద ఆడుకుంటూ బ్లాస్టింగ్ కాగానే ఆగి, కళ్లు పెద్దవి చేసి, అరచేతులు నేలకు ఆనించేది. ఇంకేం రుజువు కావాలి?

చర్చిలో కూడా అంతే. చాప మీద ముందు వరుసలో కూర్చోబెడితే, డోలు మొదలవగానే పాప చప్పట్లు మొదలుపెట్టేది. పక్కనున్న అమ్మలు చూసి, ‘పాటలంటె ఎంత ఇష్టమో!’ అనేవారు.

దీనికి తోడు మా ఇంటి పద్ధతి ఒకటుంది. మా మామ భూగర్భ గనిలో డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసి పనిచేసి రిటైరయ్యాడు. పెన్షన్‌తో పాటు చెవుడు కూడా వచ్చింది. ఆయనతో మాట్లాడాలంటే ముందు భుజం తట్టాలి, ఆయన తిరిగి చూడాలి, అప్పుడు గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి అలవాటై, మా ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు భుజం తడతారు. నేను పెళ్లై వచ్చిన కొత్తలో ఉలిక్కిపడేదాన్ని. తర్వాత నేనూ తట్టడం నేర్చుకున్నాను. పాపను అన్నానికి పిలవాలన్నా, స్నానానికి పిలవాలన్నా ఎవరో ఒకరు దగ్గరికి పోయి తట్టేవారు. తట్టగానే చూసేది. పిలిస్తే పలికే పిల్ల అని మా అందరి నమ్మకం.

తర్వాత ప్లే స్కూల్ భాగోతం. పిల్లల మధ్య ఉంటే మాటలు వస్తాయని వదిన ఊదరగొట్టి, మా దగ్గర్లో ఉన్న ఒకదాంట్లో చేర్పించింది. గోడలకు గులాబీ రంగు, లోపల ఫినాయిల్ కంపు. అక్కడ కూడా ఇవే పుస్తకాలు. ఒకరోజు తల్లిదండ్రులందరినీ పిలిచి డెమో పెట్టారు. టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు, పుస్తకాలు అమ్మే కంపెనీ మనిషి.

“మేడమ్, ఈ సెట్ ఇంట్లో ఉంటే మీరు పిల్లల పక్కన కూర్చోవాల్సిన పనే లేదు. మీ పని మీరు చేసుకోవచ్చు. పాపతో పుస్తకమే మాట్లాడుతుంది,” అన్నాడు.

తల్లులంతా తలలూపారు. నాకు ఒళ్లు మండింది. పిల్లతో మాట్లాడటం కూడా అంట్లు తోమడం లాంటి చాకిరీయా, మిషన్‌కు అప్పజెప్పడానికి?

ఆ పుస్తకంలో ప్రశ్నల బటన్ ఒకటుంది. అది నొక్కితే, ‘వేర్ ఈజ్ ద కౌ?’ అని గొంతు అడుగుతుంది. అడుగుతూనే ఆవు బటన్ పక్కన లైటు మినుకుమినుకుమంటుంది. ఆ లైటు మీద నొక్కితే ‘వెరీ గుడ్!’ జవాబు పక్కన దీపం వెలిగించి పరీక్ష పెట్టడం ఎక్కడైనా ఉందా? ఆ రోజు అందరి ముందు మా పాపను కూర్చోబెట్టారు. ఆవు, నొక్కింది. కుక్క, నొక్కింది. ఏనుగు, నొక్కింది. ఒక్కటీ తప్పలేదు. మిగతా పిల్లలు గొంతు వినబడగానే అటూ ఇటూ చూస్తున్నారు, టీచర్ మొహంలోకి చూస్తున్నారు, తప్పు బటన్లు నొక్కుతున్నారు. మా పాప మాత్రం తల ఎత్తకుండా టకటకా నొక్కేసింది.

“సూపర్ కాన్సంట్రేషన్ మేడమ్! ఎంత మంచిగ వింటున్నదో చూడుండ్రి,” అంది టీచర్.

ఒక తల్లి ఫోన్‌లో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద వరసపెట్టి చప్పట్ల బొమ్మలు. వదిన ఆ వీడియోను జ్యోతినగర్ అంతా పంచి, ‘నేను ఇచ్చిన బుక్కే’ అని రాసుకుంది. పాప మాట్లాడటం లేదన్న సంగతి ఆ చప్పట్లలో ఎవరికీ గుర్తు లేదు. ఇంటికి వచ్చి, ‘అమ్మ అను తల్లీ’ అంటే పాప నా పెదవులు చూసి, తన పెదవులు కలిపి, విప్పి, ఊరుకుంది.

ఎండాకాలంలో దుమ్ము ఇంకా ఎక్కువ. అత్తమ్మ రోజూ సాయంత్రం బకెట్‌లో తడిబట్ట ముంచి కిటికీ చువ్వలు, టీవీ, సిలిండరు, మామ కుర్చీ, కనబడ్డదల్లా తుడుస్తుంది. ఇక్కడ ఏ ఇంట్లోనైనా అంతే, తడిబట్ట తగలని వస్తువు ఉండదు. ఆ ఊపులో ఒకరోజు పుస్తకాన్ని కూడా ముందూ వెనకా బాగా తుడిచింది. మర్నాడు పొద్దున పాప బటన్ నొక్కితే లైటు వెలిగింది గానీ, గొంతు రాలేదు. ఆవు అరవలేదు. ‘వెరీ గుడ్’ లేదు. లోపలి స్పీకరులోకి నీళ్లు పోయి చచ్చింది.

నిజం చెప్పాలంటే నాకు పండగలా అనిపించింది. పీడ వదిలిందనుకున్నాను. చాయ్ గ్లాసు పట్టుకుని, ఆ నిశ్శబ్దాన్ని ఆనందిస్తూ, పాపను చూస్తూ కూర్చున్నాను.

పాప ప్రశ్నల బటన్ నొక్కింది. గొంతు లేదు. ఆవు పక్కన లైటు మినుకుమంది. ఆవును నొక్కింది. చప్పట్లు కొట్టి నా వంక చూసి నవ్వింది. మళ్లీ ప్రశ్న. మళ్లీ గొంతు లేదు. ఏనుగు పక్కన లైటు. నొక్కింది, చప్పట్లు కొట్టింది. నిన్నటిలాగే. మొన్నటిలాగే. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూడలేదు, తట్టలేదు, గొంతు ఏమైందని నా దగ్గరికి తేలేదు. ఆవు ఎక్కడ అని అడగని పుస్తకానికి ఆవును చూపిస్తూ కూర్చుంది.

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. పాప వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. తిరగలేదు. భుజం తట్టాను. తిరిగి, నవ్వింది.

మధ్యాహ్నం బ్లాస్టింగ్ టైము దాకా ఆగాను. సైరన్ మోగగానే పాపను నేలమీంచి ఎత్తి, మంచం మీద మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టాను. పుస్తకం ఒళ్లో పెట్టాను. అత్తమ్మను పిలిచి పక్కన నిలబెట్టాను.

“ఏందే, గట్ల బిగుసుకపోయినవ్?” అంది.

“బ్లాస్టింగ్ కానియ్ అత్తమ్మా. పిల్లను చూడు.”

ధడేల్‌మంది. కిటికీలు గలగలమన్నాయి. షెల్ఫులో గిన్నెలు కదిలాయి. రోజూ వినే నేనే ఆ రోజు ఉలిక్కిపడ్డాను. పాప తల ఎత్తలేదు. చిన్న తలుపు తెరిచి కోడిపిల్లను చూస్తోంది. అత్తమ్మ పాపను చూసింది, నేలను చూసింది, మళ్లీ పాపను చూసింది. అరచేతులు నేలకు ఎందుకు ఆనించేదో అప్పుడు అర్థమైంది మా ఇద్దరికీ.

“నేల అదిరితె చూసేదా బిడ్డా ఇన్ని రోజులు?” అని అత్తమ్మ పాప రెండు అరచేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాం. పాపను నిద్రపుచ్చి, తలకు తీగలు అతికించి పరీక్ష చేశారు. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని తేలింది. పూర్తిగా పోలేదని, చెవులకు మిషన్లు పెడితే మాటలు అందుతాయని, తర్వాత రోజూ దగ్గర కూర్చుని మాటలు నేర్పించాలని డాక్టరమ్మ చెప్పింది. ‘ఎంత జల్దీ మొదలువెడితే అంత మంచిది. ఇప్పటికే లేటైంది,’ అంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయన, నేను డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. పాప నా ఒళ్లో నిద్రపోతోంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, అయినా పాప నిద్ర చెదరలేదు. ఇన్నాళ్లూ, ‘ఎంత చప్పుడైనా లేవదు, మంచి నిద్ర’ అని మెచ్చుకున్న నిద్ర అది.

ఆ తర్వాత విన్న మాటలకు పుస్తకం మీదున్న అసహ్యం మనుషుల మీదకు మళ్లింది. ప్లే స్కూల్‌కు పోయి చెబితే టీచర్, ‘అయ్యో, డెమోలో ఫుల్ పర్ఫార్మెన్స్ ఇచ్చింది గదా మేడమ్’ అంది. పిల్లకు చెవులు వినబడవని నేను చెబుతుంటే డెమో గురించి మాట్లాడుతుంది! వాట్సాప్ గ్రూపులో ఒకావిడ కన్నీళ్ల బొమ్మలు పెట్టి, వాటి కిందనే తన కొడుకు బటన్లు నొక్కుతున్న కొత్త వీడియో పెట్టింది. చూసి, గ్రూపులోంచి బయటికొచ్చాను. ఇక వదిన. ఆమె ఫోన్ చేసి కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక, ‘బుక్కు ఖరాబైందంట గదా, ఫికర్ చెయ్యకు, కొత్తది పంపిస్త’ అంది. పంపింది కూడా. అదే రబ్బరు వాసన, అదే గొర్రె, ఇంకా తెల్లగా. విసిరికొట్టాలనిపించింది. అత్తమ్మ అడ్డం పడి అల్మారా మీద పెట్టింది.

మిషన్లు వచ్చాయి. చెవి వెనక చిక్కుడుగింజంత ఉంటాయి. మొదట్లో పెట్టగానే పీకేసేది. ఏడ్చేది. ఒకటి మామ చెప్పులో దొరికింది, ఒకటి పప్పు డబ్బాలో. నేను వదల్లేదు. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. గిన్నె, చెంచా, నీళ్లు, పప్పు. పుస్తకం చేస్తానన్న పని నేనే చేశాను, ఒక్కసారి కూడా ‘వెరీ గుడ్’ అనకుండా. పాప నెమ్మదిగా మిషన్లను ఒప్పుకుంది.

ఒకరోజు అత్తమ్మకు ముచ్చట పుట్టి కొత్త పుస్తకం కిందికి దించింది. పాప పరుపు మీద ఉంది, చెవులకు మిషన్లున్నాయి. పాత స్నేహితురాలిని చూసినట్టు రెండు చేతులా లాక్కుని ఆవు బటన్ నొక్కింది. ‘కౌ! వెరీ గుడ్!’ అని ఆ గొంతు కీచుమంది. పాప అదిరిపడి వెనక్కి జరిగింది. పుస్తకం వంక అనుమానంగా చూసింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ అదే కీచు. మొహం చిట్లించి, పుస్తకం మూసి, దాని మీద ఎక్కి కూర్చుంది. కింద బటన్లు నొక్కుకుని లోపలి నుంచి ఆవు, కుక్క, ఏనుగు అన్నీ కలిసి అరుస్తుంటే, పాప కాళ్లతో తన్ని మంచం మీంచి కిందికి తోసేసింది. కడుపు పట్టుకుని నవ్వాను. ఎన్ని నెలలైందో నేను అలా నవ్వి. ఈ ఇంట్లో ఆ గొంతును అసహ్యించుకునే మనిషి నేనొక్కదాన్నే కాదు అప్పటినుంచి.

ఆ నవ్వు ఆగకముందే గని సైరన్ మోగింది. పాప తల ఎత్తి పైకప్పు వంక చూసింది. తర్వాత కిటికీ వంక, తర్వాత నా వంక. ఏంటని అడుగుతున్నట్టు చూసింది. ఎదురుచూశాను.

ధడేల్‌మంది.

పాప కెవ్వుమని అరిచింది. పరుపు మీంచి దూకి, వచ్చి నా మీద పడి, మొహం నా చీరలో దాచుకుంది. ఒళ్లంతా వణుకుతోంది. గుండె దడదడా కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తోంది. వంటింట్లోంచి అత్తమ్మ అలవాటుగా, ‘ఏం లేదు బిడ్డా, బ్లాస్టింగే’ అని కేకేసి, తనేం అన్నదో తనకే తెలిసి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. గడపలో నిలబడి పాపను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప ఏడుస్తూనే ఉంది. ఊరుకోబెట్టబుద్ధి కాలేదు నాకు.

వరండాలో మా మామ కుర్చీలో కూర్చుని బయటికి చూస్తున్నాడు. పాపను చంకనేసుకుని పరుగున పోయాను.

“మామా! పిల్ల భయపడ్డది!” అని అరిచాను.

ఆయనకు వినబడలేదు. భుజం తట్టి, తిరిగి చూశాక, చెవి దగ్గర మళ్లీ చెప్పాను.

“బ్లాస్టింగ్‌కు భయపడ్డది మామా!”